పాతిపెట్టే కాగితాలు

మా కంపెనీలో ప్రూఫు కాగితాలు చెత్తబుట్టలో వేయకూడదన్న నియమం ఒక్క మా గదికే ఉండేది. అది కంపెనీ పెట్టింది కాదు, ఒక మనిషి పెట్టుకున్నది. నేను చేరిన మొదటి వారంలోనే దాన్ని తప్పాను.

న్యూజెర్సీలో అక్షరాల ఫాంట్లు తయారుచేసే కంపెనీ అది. డెబ్భైల చివరి మాట. ఫాంట్ అంటే మీకు మెనూ నొక్కితే జారిపడే జాబితా. అప్పట్లో మేము ఒక్కో అక్షరాన్ని జానెడు ఎత్తున సిరాతో గీసి, ఎర్ర ఫిల్మ్ మీద బ్లేడుతో కోసి, ఫోటో తీసి టైప్‌సెట్టింగ్ యంత్రంలోకి ఎక్కించేవాళ్ళం. ఒక అక్షరం కుదరకపోతే రెండు రోజుల పని గంగలో కలిసేది. నాకిచ్చిన పని హీబ్రూ. ఆ వారం నేను గీసిన చుక్కలు ఎలా వచ్చాయో చూద్దామని తీసిన ప్రూఫు మసగ్గా వచ్చింది. దాని మీదే కాఫీ కప్పు పెట్టుకుని, తాగడం అయ్యాక రెంటినీ కలిపి బుట్టలో పడేశాను.

పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన లేచి వచ్చారు. అరవై దాటిన మనిషి, నడుము పట్టుకుని వంగి, ఆ కాగితాన్ని బుట్టలోంచి తీసి, జేబురుమాలుతో కాఫీ అద్ది, తన బల్ల కింద ఉన్న అట్టపెట్టెలో మెల్లగా పెట్టారు. చీవాట్లు తప్పవనుకున్నాను గానీ ఆయన గొంతులో కోపం లేదు.

"మిసెస్, ఇందులో దేవుడి పేరుంది. ఇది పడేసే కాగితం కాదు, పాతిపెట్టే కాగితం," అన్నారు.

జోక్ వేశారనుకుని నవ్వాను. తర్వాత తెలిసింది. దేవుడి పేరున్న కాగితం చిరిగినా, మాసినా, తప్పు అచ్చయినా సరే, ఆయనలాంటి యూదులు కాల్చరు, పారెయ్యరు. ఒకచోట దాచి, చాలా పోగయ్యాక శ్మశానానికి తీసుకెళ్ళి మనిషిని పాతినట్టే పాతిపెడతారు. మా ఇంట్లో కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. క్రైస్తవులకి ఆ అలవాటేమిటని పాస్టరు గారు అన్నా మా అమ్మ మానలేదు, మమ్మల్ని మాననివ్వలేదు. అందుకని ఆ పెట్టె నాకు పెద్ద వింతేమీ కాలేదు. ఆ రోజు నుంచి నా ప్రూఫులు కూడా అందులోకే వెళ్ళాయి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్న టెక్సాస్‌లో మా ఫ్రిస్కో చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, ఐటీలో పనిచేసే ఒకమ్మాయి అడిగింది. "ఆంటీ, మీరు ఫాంట్స్ డిజైన్ చేసేవాళ్ళంట కదా. మీ కెరీర్‌లో వర్స్ట్ బగ్ ఏంటి?" అని. నేను నవ్వేసి సాంబారు గిన్నె వైపు తిరిగాను. ఆ అమ్మాయి మర్యాదస్తురాలు, మళ్ళీ అడగలేదు. ఇంటికొచ్చాక ఆ ప్రశ్నే నన్ను వదల్లేదు.

ఆ ఉద్యోగం నాకు దొరికిన తీరు చెబితే మీకు నవ్వొస్తుంది. మా నాన్న బందరులో ఒక మిషను ప్రెస్సులో కంపోజిటరు. అచ్చక్షరాల కేసుల ముందు నిలబడి ఒత్తులూ గుడులూ ఏరి ఏరి ఆయన వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. నేను పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేశాను. పెళ్ళయి మా ఆయన వెంట అమెరికా వచ్చాక, డ్రాయింగ్ తెలిసినవాళ్ళు కావాలని పేపర్లో ప్రకటన చూసి వెళ్ళాను. ఏదో ఒక అక్షరం గీసి చూపించమన్నారు మేనేజరు. ఇంగ్లీషు అక్షరం వాళ్ళ ముందు గీయడానికి సిగ్గేసి క గుణింతం గీశాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మీ అక్షరాలకి కూడా నెత్తిన టోపీలు, కాళ్ళకి జోళ్ళు ఉంటాయన్నమాట, హీబ్రూకీ అంతే, సోమవారం నుంచి వచ్చేయండి అన్నారు. నాకు హీబ్రూ ఒక్క ముక్క రాదని చెప్పాను. గీయడానికి చదవడం రానక్కర్లేదన్నారు. ఆ మాటని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాస్తారు. అక్షరాలు దాదాపు అన్నీ హల్లులే. అచ్చులు చుక్కలుగా, చిన్న గీతలుగా కిందా పైనా వస్తాయి. వాళ్ళ గ్రంథంలో వాటికి తోడు ఇంకో దండు ఉంటుంది. గ్రంథాన్ని వాళ్ళు ఊరికే చదవరు, పాడుతూ చదువుతారు. రాగం ఎక్కడ లేవాలో, ఎక్కడ దిగాలో, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తులవి. ఒకే అక్షరం కింద ఒక చుక్క, దాని పక్కన రాగం గుర్తు, నెత్తిన ఇంకొకటి, బందరు బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా తోసుకుంటూ ఉంటాయి. అవి ఒకదాన్నొకటి తగలకుండా నిలబెట్టడమే నా ఉద్యోగం.

విచిత్రం ఏమిటంటే, వాళ్ళు ప్రార్థనకి చేరే సమాజమందిరంలో చదివే గ్రంథపు చుట్టలో ఈ గుర్తులేవీ ఉండవు. ఒట్టి అక్షరాలే ఉంటాయి. చదివే మనిషి గుర్తులున్న పుస్తకం ఇంట్లో పెట్టుకుని వారమంతా నేర్చుకుని, అక్కడికెళ్ళి గుర్తులు లేని చుట్టలోంచి తప్పులేకుండా పాడాలి. పాడేవాడు తప్పు పోతే పక్కన నిలబడ్డవాళ్ళు అక్కడికక్కడే దిద్దుతారు. మనవాళ్ళయితే పెద్దమనిషి తప్పు చదివినా ఆమెన్ అనేసి ఊరుకుంటారు.

పెద్దాయన మా కంపెనీకి హీబ్రూ ప్రూఫులు దిద్దే మనిషి. తూర్పు యూరప్‌లో ఏదో చిన్న ఊరు. యుద్ధం తర్వాత ఆ ఊళ్ళో వాళ్ళవాళ్ళెవరూ మిగల్లేదు. ఎలా బయటపడ్డారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ప్రూఫుని ఆయన చూసేవారు కాదు, పాడేవారు. పెన్సిలు మొన గుర్తు కింద పెట్టుకుని, ఒక్కో పదం గొంతెత్తి పాడుకుంటూ పేజీ దాటేవారు. అమ్మకాల సెక్షను వాళ్ళు ఫోన్లు మాట్లాడలేకపోతున్నామని మొత్తుకుంటే, మేనేజరు ఆయన్ని తెచ్చి మా గదిలో పడేశారు. కొత్తగా చేరినదాన్ని, ఇండియా నుంచి వచ్చినదాన్ని, నేను కంప్లెయింట్ చేయనని ఆయనకి తెలుసు.

కళ్ళతో చూసుకోవచ్చు కదా సార్, ఇంత అవస్థ ఎందుకని ఒకసారి అడిగాను.

"కన్ను అబద్ధాలకోరు, మిసెస్," అన్నారు. "వచనం దానికి ముందే కంఠతా వచ్చు. అక్కడ ఉండాల్సింది ఉందనుకుని దాటిపోతుంది. నోరు అలా దాటలేదు. ఉన్నదే పలకాలి."

మిసెస్ అనే పిలిచేవారు. మా ఇంటిపేరు పలకడం ఆయన వల్ల కాలేదు. నేను సార్ అంటే, నేనేమన్నా స్కూలు మాస్టర్నా అని విసుక్కునేవారు గానీ, నిజానికి స్కూలు మాస్టరు పనులే చేసేవారు. చేరిన కొత్తలో ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి రెండు గుర్తులు చూపించారు. రెండూ ఒకటే, చిన్న వంకర గీత. పదం చివర ఎడమ అంచున వేలాడితే రాగం అక్కడ ఆగాలి. అదే గీత అక్షరం నడినెత్తి మీద నిలబడితే ఆగకుండా పక్క పదంలోకి వెళ్ళిపోవాలి. ఒకే మనిషి అనుకో, గుమ్మంలో నిలబడితే వెళ్ళొస్తానంటున్నట్టు, గది మధ్యలో నిలబడితే ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు, అన్నారు. చక్కగా తలూపి, ఒకే గీతని రెండు చోట్లకి రెండు బొమ్మలుగా గీసి పెట్టుకున్నాను.

రోజుకి ఆరేడు గంటలు పక్కన ఒక మనిషి పాడుతుంటే ఎవరికైనా అంటుకుంటుంది. మాటలు నాకు తెలియవు, అర్థం అసలే తెలియదు. గుర్తు చూస్తే మాత్రం రాగం లోపల కదిలేది. గీసేటప్పుడు తెలియకుండానే కూనిరాగం తీసేదాన్ని. ఒకసారి అలా తీస్తుంటే పెద్దాయన తలెత్తకుండానే పెన్సిలుతో బల్ల మీద రెండుసార్లు కొట్టారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ తీశాను. ఈసారి కొట్టలేదు. అలా ఏళ్ళు గడిచాయి, ఆ విషయం మా ఇద్దరిలో ఎవరూ పైకి అనుకోలేదు. ఇంటి దగ్గర ప్రార్థన కూడికల్లో నేను కీర్తన ఎత్తుకుంటే మూడో చరణానికి రాగం ఎక్కడికో వెళ్ళిపోయేది. ఇది ఏ ఊరి కీర్తన అని మా ఆయన వేళాకోళం చేసేవారు. వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకుంటూ పుస్తకంలో తల దూర్చేవారు.

నేను చేరిన ఏడో ఏడు ఆయన ఎదురుచూస్తున్న పని వచ్చింది. ఆయన ఊరి నుంచి బతికి బయటపడ్డవాళ్ళు ఓ యాభై మంది దాకా ఆ చుట్టుపక్కల స్థిరపడి ఒక చిన్న సంఘంగా ఉండేవారు. అందరూ ముసలివాళ్ళే. వాళ్ళ ఊళ్ళో పాడే తీరు వేరేట. ఆ తీరు తెలిసినవాళ్ళలో ఇంకా గొంతున్నది ఈయనొక్కరికే. తమ తర్వాత ఎవరైనా నేర్చుకోవడానికి పెద్ద అక్షరాల్లో, ప్రతి గుర్తూ విడిగా కనబడేలా, బైబిల్లోని మొదటి ఐదు కాండాలూ ఒక పుస్తకంగా వేయించుకుందామని వాళ్ళు మా కంపెనీకి వచ్చారు. పెద్దాయన ఆ వారం కొత్త చొక్కా వేసుకొచ్చారు. దాని కోసం నేను ఫాంటు మొత్తం మళ్ళీ గీశాను. అంత మనసుపెట్టి ఏ పనీ నేను అంతకుముందు చేయలేదు, తర్వాతా చేయలేదు.

సగం పనిలో ఉండగా ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు. నెల తిరిగేసరికి గొంతులో పుండన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఏడు వారాలు ఆయన బల్ల ఖాళీగా ఉంది. గదిలో ఆ నిశ్శబ్దానికి నాకు పని సాగేది కాదు.

నేను తప్పు చేసింది ఆ ఏడు వారాల్లోనే. పుస్తకాన్ని కొత్త కంప్యూటర్ యంత్రం మీద కూర్చాలని పైవాళ్ళు నిర్ణయించారు. అందులో గుర్తులకి చోటు తక్కువ. జాబితా తగ్గించమన్నారు మేనేజరు. నేను కూర్చుని ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాను. ఒకచోట అచ్చం ఒకేలా ఉన్న రెండు బొమ్మలు కనిపించాయి. ఒకే గీత రెండుసార్లు ఎందుకని ఒకటి తీసేశాను. మిగిలిన దాన్ని యంత్రం ప్రతిచోటా అక్షరం నడినెత్తిన నిలబెట్టింది. గుమ్మంలో మనిషి సంగతి నాకు గుర్తే లేదు. పైగా చోటు మిగిల్చినందుకు మేనేజరు భుజం తడితే ఇంటికెళ్ళి మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను.

పెద్దాయన తిరిగొచ్చారు. మెడకి తెల్లటి గుడ్డ, జేబులో చిన్న నోట్‌ప్యాడు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. మాట్లాడాలంటే రాయడమే. ప్రూఫులు పాడడానికి బయటి మనిషిని పెడదామని మేనేజరు అంటే ఆయన వద్దన్నారని విన్నాను. పెదాలు కదుపుతూ, వేలితో బల్ల మీద తాళం వేసుకుంటూ పేజీలు తిప్పేవారు. చూసిన పేజీ మూల సంతకం పెట్టి నా బల్ల మీదికి పంపేవారు. మరకలూ, విరిగిన గీతలూ ఏమన్నా ఉన్నాయేమో చూసి ముందుకి పంపడం నా వంతు.

మార్చి నెల. కిటికీ బయట మంచు కరిగి అంతా బురద. మధ్యాహ్నం రెండున్నర అయి ఉంటుంది. ఒక పేజీ మీద మరకలు వెతుకుతూ మామూలుగానే కూనిరాగం తీస్తున్నాను. ఒక వరస మధ్యలో తడబడ్డాను. ఆగాల్సిన చోట రాగం ఆగకుండా వెళ్ళిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే. ఇంకో పేజీ తీసి చూశాను. అక్కడా అంతే. నాకు హీబ్రూ రాదు, కానీ ఏడేళ్ళుగా ఆ చోట పెద్దాయన గొంతు ఆగడం నా చెవికి తెలుసు.

కాగితం పట్టుకుని లేచాను. ఆయన బల్ల దాకా వెళ్ళాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కణతలు రుద్దుకుంటున్నారు. నన్ను చూసి ఏమిటన్నట్టు గడ్డం పైకెత్తారు. పేజీ మూల ఆయన సంతకం ఉంది. పుట్టినప్పటి నుంచీ ఈ గ్రంథం పాడుతున్న మనిషి ఆయన. నేను బందరు నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లని, అ ఆలు కూడా రానిదాన్ని. ఆయన సరే అన్నదాన్ని నేను తప్పంటానా? టీ తెమ్మంటారా సార్ అని అడిగాను. వద్దని చెయ్యి ఊపారు. వెనక్కొచ్చి కూర్చుని, పేజీని ముందుకి పంపేశాను.

అది వినయం అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అందులో వినయం సగమే. మిగతా సగం ఏమిటంటే, అది తప్పే అయితే ఒక్క పేజీలో తప్పు కాదు, అన్ని పేజీల్లోనూ తప్పు, అది నేను కొట్టేసిన బొమ్మ వల్ల వచ్చిన తప్పు. ఆ సంగతి కుర్చీలో కూర్చునేలోపే నాకు తట్టింది. భయానికి మర్యాద అనే చొక్కా తొడిగాను. మీరు కూడా మీటింగుల్లో సీనియర్ అప్రూవ్ చేశారు కదా అని ఊరుకుంటూ ఉంటారు. ఊరుకున్నప్పుడు ఒక్కసారి లోపలికి చూసుకోండి, అది గౌరవమో ఇంకేమన్నానో. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నదాన్ని చెబుతున్నాను.

ఎండాకాలంలో పుస్తకాలు బైండింగ్ అయి వచ్చాయి. నీలం అట్ట, బరువైన కాగితం. చూడడానికి నిజంగా అందంగా ఉన్నాయి. మేనేజరు మొదటి కాపీ తెచ్చి పెద్దాయన చేతుల్లో పెట్టారు. ఆయన అట్టని ముద్దుపెట్టుకుని తెరిచారు. కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి, పెదాలు కదుపుతూ, వేలితో అట్ట మీద తాళం వేస్తూ చదవడం మొదలుపెట్టారు. సంఘం కోసం చదువుతున్నారు కాబట్టి ఈసారి నెమ్మదిగా, ఒక్కో పదం దగ్గర నిలుస్తూ చదివారు. నేను నా బల్ల దగ్గర ఆ వేలునే చూస్తున్నాను. మొదటి పేజీ కింది సగంలో వేలు ఆగిపోయింది.

పేజీ తిప్పారు. ఇంకో పేజీ. మధ్యకి వెళ్ళారు, చివరికి వెళ్ళారు. మేనేజరు ఏదో అడుగుతుంటే వినిపించుకోలేదు. నోట్‌ప్యాడు తీసి రాసి, కాగితం చింపి నా దగ్గరికొచ్చి బల్ల మీద పెట్టారు.

"నీకు వినిపించలేదా?" అని ఉంది.

ఇలా అడుగుతారని నేను అనుకోలేదు. ఎందుకు ఇలా చేశావని అడిగితే ఏడ్చి ఒప్పుకునేదాన్నేమో. ఆయన ముఖంలోకి చూసి, "లేదు సార్," అన్నాను.

ఆయన నోట్‌ప్యాడు మళ్ళీ తీశారు. ఇంకో కాగితం మీద, అయితే తప్పు నాదే, అని రాసి మేనేజరుకి ఇచ్చారు. నాకిచ్చిన మొదటి కాగితం మీద దేవుడి పేరు లేదు కాబట్టి దాన్ని మడిచి నా చెత్తబుట్టలో వేశారు. ఆయన గదిలోంచి వెళ్ళాక నేను దాన్ని తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

ఆ ఆదివారం ఆయన సంఘం ముందు నిలబడి, నోట్‌ప్యాడు మీద రాసింది ఇంకొకరు చదువుతుండగా, తప్పు తనదేనని చెప్పారట. మళ్ళీ కూర్చి వేయాలంటే ఏడాదిన్నర పడుతుందని మా కంపెనీ చెప్పింది. మాకు అంత వ్యవధి లేదని వాళ్ళు అన్నారు. అందులో కోపం లేదు, ఉన్న సంగతే. చదువుకునే పుస్తకమైతే సర్దుకోవచ్చు, ఇది నేర్చుకునే పుస్తకం. తప్పున్నదాన్ని దిద్దకుండా ఇంట్లో ఉంచుకోకూడదని వాళ్ళ నియమం. పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లోనే మా గోడౌన్‌లో ఉండిపోయాయి.

ఒక్క కాపీ అయినా చేత్తో దిద్దుతానని పెద్దాయన కూర్చున్నారు. నేను సాయం చేస్తానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. రోజూ మధ్యాహ్నం ఒక గంట ఆయన పెన్సిలుతో చోటు చూపిస్తే, నేను తప్పు గుర్తుని బ్లేడుతో గీకేసి డ్రాయింగ్ పెన్నుతో పదం చివర కొత్తది వేసేదాన్ని. నాలుగైదు రోజులయ్యాక ఆయన చూపు ఆనక అలిసిపోయి నోట్‌ప్యాడు మీద రాశారు. మాలో కట్టుదిట్టంగా ఉండేవాళ్ళు పరాయి ఆడవాళ్ళ పాట వినరు, కానీ కూనిరాగం పాట కింద రాదు, కొంచెం తియ్యి, అని. కళ్ళలో పాత చిలిపితనం ఉంది.

తీశాను. దిద్దిన పేజీ అయిపోయి దిద్దని పేజీలోకి వచ్చాం. పేజీలో గుర్తు నడినెత్తి మీదే ఉంది. నా గొంతు మాత్రం ఆగాల్సిన చోట దానంతటదే ఆగింది. ఆ తర్వాతి చోటా ఆగింది. మూడోచోట ఆగాక నాకు స్పృహ వచ్చింది. తలెత్తాను. ఆయన పేజీ వైపు చూడడం లేదు, నన్ను చూస్తున్నారు. నిజంగా వినిపించని మనిషి అలా ఆగడం కుదరదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. నోట్‌ప్యాడు ఆయన చేతిలోనే ఉంది. పెన్సిలుతో బల్ల మీద ఒకసారి తట్టారు, కానివ్వమన్నట్టు. నేను కానిచ్చాను.

అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు. ఆ తర్వాత నాలుగు నెలలపాటు రోజూ ఒక గంట ఉంది నాకు. రెండో కాండం సగానికి వచ్చేసరికి ఆయన రావడం మానేశారు. జబ్బు తిరగబెట్టిందన్నారు. డిసెంబరులో పోయారు.

శ్మశానానికి మేనేజరు కార్‌లో వెళ్ళాను. దారిలో ఆయన డ్రైవ్ చేస్తూ, మనసులో ఉన్నది కక్కేయాలన్నట్టు చెప్పారు. "ఆ ప్రూఫులకి ఒక సింగర్‌ని పెడదామని నేను ఎంతో చెప్పాను. అక్కర్లేదు, పక్క బల్ల దగ్గర నా చెవులున్నాయి, తప్పు పడితే లేచి నా దగ్గరికి వస్తాయి అని రాశాడు. నీ గురించే. పాపం, నిన్ను అనవసరంగా నమ్ముకున్నాడు. నీకు ఆ భాషే రాదు కదా." నన్ను ఓదార్చాననుకున్నారు.

వాళ్ళ శవపేటిక ఒట్టి చెక్క, రంగూ నగిషీ ఏమీ లేదు. పక్కనే ఇంకో గొయ్యి తీసి ఉంది. మా గోడౌన్‌లోని పెట్టెలు లారీలో వచ్చి ఉన్నాయి. గ్రంథం తెలిసిన మనిషితో పాటు పాత గ్రంథాలని పాతిపెట్టడం వాళ్ళకి ఒక గౌరవమట. నీలం అట్టల పుస్తకాలన్నీ ఒక్కొక్క పెట్టెగా దించారు. వాటి తర్వాత ఆయన బల్ల కింద ఏళ్ళ తరబడి నిండిన ప్రూఫుల పెట్టెలు దించారు. వాటిలో కాఫీ మరక కాగితం కూడా ఉంది. అన్నిటికన్నా పైన, రెండో కాండం సగం దాకా నా చేత్తో దిద్దిన కాపీ పెట్టారు. తర్వాతి ఏడు మా కంపెనీ ఆ యంత్రాన్నే ఎత్తేసింది, ఫాంటు దానితోనే పోయింది. నేను గీసిన వాటిల్లో మంచివి అన్నీ ఆ గోతిలోనే ఉన్నాయి.

ఒక్కొక్కరూ వచ్చి పారతో మూడుసార్లు మట్టి వేస్తున్నారు. వేశాక పారని పక్కవాళ్ళ చేతికి ఇవ్వరు, నేలలో గుచ్చి వెళ్ళిపోతారు. దుఃఖం చేతి నుంచి చేతికి అందకూడదనిట. నా వంతు వచ్చింది. పార పీకి మట్టి వేశాను. చెక్క మీద పడిన చప్పుడు వినిపించింది. పార గుచ్చేసి అక్కడే నిలబడి, "వినిపించిందండీ, ఆ రోజే వినిపించింది," అన్నాను.

పక్కనున్న ముసలావిడ, నేను మా భాషలో ఏదో ప్రార్థన చేశాననుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇంగ్లీషులో చెప్పి ఉండొచ్చు. మేనేజరు నా వెనకే ఉన్నారు, వాళ్ళ సంఘం వాళ్ళంతా చుట్టూ ఉన్నారు, పెద్దాయన తన నెత్తిన వేసుకున్న తప్పు ఎవరిదో వినాల్సింది వాళ్ళే. వాళ్ళెవరికీ అర్థం కాకూడదనే తెలుగులో చెప్పాను.

మొన్న ఫ్రిస్కోలో ఆ అమ్మాయి అడిగినప్పుడు నేను సాంబారు గిన్నె వైపు తిరిగింది అందుకే. ఆ అమ్మాయికి తెలుగు వచ్చు.